తాలు వేరు చేసి చూపించండి

(పోయిన ఆదివారం సాయంత్రం గుంటూరు అరండల్‌పేటలో, రకరకాల ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళం కొందరం కలిసినప్పుడు ఒక పెద్దాయన చేసిన ప్రసంగం ఇది. ఆయన కోల్డ్ స్టోరేజీల ఆఫీసులో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసెయ్యలేదు.)

అందరికీ నమస్కారమండీ. వెనక కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి, మొహమాటపడొద్దు. ఎందుకంటే ఈ రోజు నేను మాట్లాడబోయేదే మొహమాటం గురించి.

నన్ను పిలవడానికి వచ్చిన కుర్రాడు టాపిక్ చెప్పాడు, ఆఫీసులో మన ప్రపోజల్‌కి తోటివాళ్ళ సపోర్టు తెచ్చుకోవడం ఎలా అని. ఎలాంటి ప్రపోజల్ బాబూ అన్నాను. బాగున్న ప్రపోజల్‌కి నా ఉపన్యాసం ఎందుకు, దాన్ని టేబుల్ మీద పెట్టి మనం టీ తాగొచ్చేలోపు దానంతటదే పాసైపోతుంది. కాసేపు నసిగి, "కొంచెం వీకు సార్" అన్నాడు. అయితే వస్తానన్నాను. వీకు ప్రపోజల్ని పాస్ చేయించడంలో నాకు అనుభవం ఉంది. పాస్ చేయించి పరువు పోగొట్టుకోవడంలో ఇంకా ఎక్కువ అనుభవం ఉంది.

గుంటూరులో కూర్చున్నాం కాబట్టి మిరపకాయలతోనే మొదలుపెడతాను. సీజన్లో ఎప్పుడైనా యార్డుకి వెళ్ళారా? తుమ్ములు ఆగవు, కళ్ళు మండుతాయి, అది వేరే సంగతి. కొనేవాడు టిక్కీ, అదే మిరపకాయల బస్తా, మూతి దగ్గర నిగనిగలాడే కాయని చూసి రేటు చెప్తాడా? చెప్పడు. సంచి కోసి, మోచేతి దాకా చెయ్యి లోపలికి పెట్టి అడుగు నుంచి గుప్పెడు లాగుతాడు. ఆ గుప్పెట్లో నాలుగు తాలు కాయలు, అవేనండీ తెల్లబారిపోయిన కాయలు, కనపడ్డాయనుకోండి, ఆ నాలుగింటికే రేటు తగ్గిస్తాడా? మొత్తం లాటుకి తగ్గిస్తాడు. ఆ పక్క లాటు కూడా నీదేనా అని అడిగి దాన్ని కూడా అనుమానంగా చూస్తాడు.

అదే రైతు ఇంటి దగ్గరే కూలీలని పెట్టి తాలు ఏరించి, ఇది మంచి కాయ, ఇది తాలు అని వేరువేరుగా తెచ్చాడనుకోండి. మంచి కాయకి మంచి రేటు. మరి తాలు? తాలు కూడా అమ్ముడుపోతుందండీ! పేపర్లో యార్డు ధరలు వేస్తారు చూడండి, మిరప రకాల వారీగా తేజ ఇంత, 334 ఇంత, బాడిగ ఇంత అని రాసి కింద తాలు రేటు కూడా వేస్తారు. తక్కువే, కానీ దానికీ ఒక రేటుంది. మంచి కాయలో కలిపి దాచారనుకోండి, దాని రేటు రాదు, దీని రేటు కూడా పోతుంది.

నేను చెప్పదలుచుకున్నది ఇంతే నిజానికి. ఇక్కడితో ఆపేస్తే మీకు టీ త్వరగా దొరుకుతుంది గానీ, నాకు అరగంట ఇచ్చారు, నా కథ చెప్పకుండా వదలను.

మా ఆఫీసుకి మూడు కోల్డ్ స్టోరేజీలు ఉండేవి. పేరు అడక్కండి, ఇప్పటికీ పండక్కి ఫోన్ చేసి పలకరిస్తారు వాళ్ళు. రైతు సరుకు పెడితే మేం బాండు ఇస్తాం, ఆ బాండు చూపించి ఆయన బ్యాంకులో అప్పు తెచ్చుకుంటాడు. అంటే ఏ బస్తా ఎవరిది, ఏ ఛాంబర్లో ఏ వరసలో ఉంది అన్నది తప్పకూడదు. తప్పితే ఏమవుతుంది? ఒకాయన తేజ ఇంకొకాయన లారీ ఎక్కుతుంది, సాయంత్రానికి ఇద్దరూ మన ఆఫీసు ముందుంటారు. దీనికి మా దగ్గరున్న పద్ధతి ఏంటంటే, బస్తా మీద రంగుతో ఒక గుర్తు, గుమస్తా చేతిలో ఒక పుస్తకం.

నేను ఓసారి హైదరాబాద్‌లో ఒక మందుల గోడౌన్ చూసొచ్చాను. ప్రతి అట్టపెట్టె మీదా బార్‌కోడ్ స్టిక్కరు. కుర్రాడు చేతిలో మిషను చూపించగానే కుయ్‌మంటుంది, వివరం మొత్తం కంప్యూటర్లో పడుతుంది. అది చూసినప్పటినుంచి నాకు నిద్ర లేదు. మనకీ పెట్టాలి, ఈ సీజన్‌కే పెట్టాలి. ఆలోచన చెడ్డదా? చెడ్డది కాదు. కానీ అట్టపెట్టెకి అంటుకున్న స్టిక్కరు గోనెసంచికి అంటుకోదు. ఆ సంగతి నాకు తెలుసా? తెలుసండీ. అదే కదా నేరం. ఇంట్లో బియ్యం గోనె మీద రాత్రి ఒకటి అంటించి పడుకున్నాను, తెల్లారేసరికి నేల మీద ఉంది. ఎవరికీ చెప్పలేదు. మంచి జిగురున్న స్టిక్కర్లు తెప్పిస్తే సరిపోతుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను.

ఇక ఒప్పించడం మొదలుపెట్టాను. పన్నెండు లాభాలు రాశాను. పన్నెండు! అందులో రెండే నిజంగా లాభాలు, మిగతా పది కూర్చుని అల్లినవి, కంపెనీ ఇమేజ్ పెరుగుతుంది లాంటివి. తర్వాత ఒక్కొక్కరిని టీకి తీసుకెళ్ళాను. అకౌంట్స్ ఆయనతో, స్టోర్స్ వాళ్ళు ఓకే అన్నారండీ అన్నాను. స్టోర్స్ ఆయనతో, అకౌంట్స్ వాళ్ళు ఓకే అన్నారన్నాను. అప్పటికి ఇద్దరూ ఏమీ అనలేదు. మీటింగ్ మధ్యాహ్నం ఒంటిగంటకి పెట్టించాను, ఆకలి మీద ఎవరూ ప్రశ్నలు వెయ్యరని. ఎవరూ వెయ్యలేదు. గంగిరెద్దుల్లా తలలూపారు, చేతులెత్తారు, భోజనానికి వెళ్ళిపోయారు. నేను గెలిచాననుకున్నాను.

ఫిబ్రవరిలో సరుకు రావడం మొదలైంది. మొదటి వారంలోనే స్టిక్కర్లు రాలడం మొదలైంది. లోపల చలికి కొన్ని ఊడాయి, బయటికి తీసిన బస్తాలకి చెమ్మ పట్టి మిగతావి ఊడాయి. హమాలీల కాళ్ళకి మాత్రం బ్రహ్మాండంగా అంటుకున్నాయి. నేను హడలిపోయి, ఇన్ని వేల బస్తాలు ఎవరివో ఎలా తెలుస్తుందయ్యా అని గుమస్తాల దగ్గరికి పరిగెత్తాను. ఏమీ కాలేదు సార్ అని సొరుగులోంచి పుస్తకం తీశారు. మొదటి రోజు నుంచి పుస్తకం రాస్తూనే ఉన్నారు! బస్తా మీద రంగు గుర్తు కూడా వేస్తూనే ఉన్నారు. అంటే మూడు కోల్డ్ స్టోరేజీల్లో ఒక్కడంటే ఒక్కడు కూడా నా స్కీముని నమ్మలేదు, నాకు తప్ప అందరికీ ఆ సంగతి తెలుసు. మరి చేతులెందుకు ఎత్తారయ్యా అంటే, ఒక పెద్ద గుమస్తా అన్న మాట ఇప్పటికీ మర్చిపోలేను. "మీరు ముచ్చటపడ్డారు కదా సార్, కాదనలేకపోయాం."

చూశారా? చెయ్యెత్తడం వేరు, చెయ్యి వేయడం వేరు. మీటింగులో మనకి కావాల్సింది మొదటిదనుకుంటాం. పని జరగాలంటే కావాల్సింది రెండోది.

ఇది మన ఊరి జబ్బు మాత్రమే అనుకోకండి. అమెరికాలో జెర్రీ హార్వీ అని మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్ ఉండేవాడు, 1974లో తన ఇంటి కథే రాశాడు. టెక్సాస్‌లో కోల్‌మన్ అనే చిన్న ఊరు, 104 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండ, అంటే మనకి మే నెల మామూలు మధ్యాహ్నం. వరండాలో ఆడుకుంటూ హాయిగా కూర్చున్నారు. మామగారు అబిలీన్ వెళ్ళి భోంచేద్దామా అన్నాడు. సరే అంది కూతురు, సరే అన్నాడు అల్లుడు, సరే అంది అత్తగారు. ఏసీ లేని కారులో ఒకవైపే 53 మైళ్ళు, అంటే ఇక్కణ్ణుంచి బెజవాడ వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి, ఇంకొంచెం. దుమ్ము, చెమట, అక్కడ తిండి చెత్త. నాలుగు గంటల తర్వాత ఇంటికొచ్చి కూలబడ్డాక ఒక్కొక్కరే బయటపెట్టారు, నాకు వెళ్ళాలనే లేదు, మీ కోసం వచ్చానని. చివరికి మామగారు కూడా, మీకు బోరు కొడుతుందేమోనని అన్నానంతే, నాకూ లేదు అన్నాడట! దానికే ఆయన అబిలీన్ పారడాక్స్ అని పేరు పెట్టాడు. మన పెళ్ళి ప్రయాణాల్లో సగం ఇలాంటివే కదండీ. నా స్టిక్కర్ల మీటింగు కూడా అంతే, అందరం కలిసి ఎవరికీ ఇష్టం లేని ఊరికి వెళ్ళొచ్చాం.

కొందరు ట్రిక్కులు చెప్తారు, నేనూ చాలా చదివాను. మొదట పెద్దది అడుగు, కాదంటారు, అప్పుడు చిన్నది అడుగు, ఒప్పుకుంటారు. రాబర్ట్ చాల్దీనీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్ళు 1975లో కాలేజీ స్టూడెంట్లతో దీన్ని పరీక్షించారు. నేరాల్లో పడి దారితప్పిన పిల్లల్ని ఒకరోజు జూకి తీసుకెళ్తారా అని నేరుగా అడిగితే 17 శాతం సరే అన్నారు. ముందు రెండేళ్ళపాటు వారం వారం వచ్చి సేవ చేస్తారా అని అడిగి, కాదనిపించుకుని, అప్పుడు జూ సంగతి అడిగితే 50 శాతం. పనిచేస్తుందా? చేస్తుంది. బెజవాడ బీసెంట్ రోడ్డులో ఎనిమిది వందలు చెప్పి మూడు వందలకిచ్చేవాడికి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. కానీ వాడు మిమ్మల్ని మళ్ళీ చూడడు. మీ పక్క సీటాయన రేపు పదింటికి మళ్ళీ మీ పక్కనే కూర్చుంటాడు. రెండోసారి మీరు పెద్దది అడగ్గానే, చిన్నది ఏంటో ముందు చెప్పండి సార్ అంటాడు.

ట్రిక్కుగా కాకుండా నాకు నిజంగా పనికొచ్చిన పరిశోధన ఇంకోటుంది. ఎలెన్ లాంగర్ అని మనస్తత్వ శాస్త్రవేత్త, 1978లో అచ్చయింది. న్యూయార్క్‌లో ఒక యూనివర్సిటీలో జిరాక్స్ మిషన్ దగ్గర నిలబడినవాళ్ళని, నన్ను ముందు తీసుకోనిస్తారా, అయిదు పేజీలే అని అడిగించింది. ఊరికే అడిగితే 60 శాతం ఒప్పుకున్నారు. తొందర పని ఉంది అని కారణం చెప్తే 94. మూడో రకం చూడండి, నేను జిరాక్స్ తీసుకోవాలి కాబట్టి జిరాక్స్ తీసుకోనివ్వండి అని అడిగారు. అదేం కారణమండీ? లైన్లో ఉన్నవాళ్ళందరూ తీసుకోవాల్సినవాళ్ళే కదా! అయినా 93 శాతం ఒప్పుకున్నారు.

ఇక్కడిదాకానే చాలామంది చెప్తారు. కారణం ఉంటే చాలు, ఎంత డొల్లదైనా పర్లేదు అని ట్రైనింగుల్లో చప్పట్లు కొట్టిస్తారు. రెండో సగం ఎవరూ చెప్పరు. అదే అయిదు పేజీలు కాకుండా 20 పేజీలు అడిగితే ఏమైంది? ఊరికే అడిగితే 24 శాతం. అసలైన కారణం చెప్తే 42. డొల్ల కారణం చెప్తే? మళ్ళీ 24. అంటే చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే. నేను ఇందులోంచి ఏం తీసుకున్నానంటే, మన ప్రపోజల్ వీకుగా ఉంటే ఇంకో పది కారణాలు వెతకడం దండగ, అడిగేదాన్ని తగ్గించాలి. 20 పేజీలు అడిగే చోట అయిదు అడగాలి. నేనేం చేశాను? మూడు కోల్డ్ స్టోరేజీలు, ఒక్కోదాంట్లో లక్షకి దగ్గరగా బస్తాలు, ఒకేసారి అడిగాను. అడిగింది 20 పేజీలు కాదు, రామాయణం.

తర్వాతి సంవత్సరం మళ్ళీ అదే ప్రపోజల్ పెట్టాను. అవును, నవ్వండి. మా ఆవిడ కూడా నవ్వింది.

ఈసారి మీటింగ్ ఉదయం పెట్టించాను, కడుపు నిండి ఉన్నప్పుడు. మొదటి మాటగా ఊడిపోయిన స్టిక్కరు ఒకటి జేబులోంచి తీసి టేబుల్ మీద పెట్టాను. ఇదిగోండి తాలు అన్నాను. గోనెకి అంటుకోదు, పోయిన ఏడాదే నాకు తెలుసు, మీకు చెప్పలేదు, తప్పు నాది. రెండోది, దీనివల్ల గుమస్తాలకి మొదటి నెల డబల్ పని, పుస్తకమూ రాయాలి మిషనూ చూపించాలి, దానికి నా దగ్గర జవాబు లేదు. మూడోది, లాభం ఎంతో నేను లెక్క కట్టలేను. లాభం ఉంటుందనుకుంటున్న చోటు మాత్రం ఒకటుంది, సరుకు బయటికి తీసేటప్పుడు వెతుకులాట తగ్గుతుంది. ఒక్కటే చెప్పాను, పన్నెండు చెప్పలేదు. నేను అడుగుతున్నది ఒక్క ఛాంబర్, నలభై అయిదు రోజులు. ఆ లోపల రెండుసార్లు లాటు తప్పితే మీలో ఎవరైనా ఆపెయ్యొచ్చు, నన్ను అడగక్కర్లేదు.

గది నిశ్శబ్దంగా అయిపోయింది. నాకు టెన్షన్. అప్పుడు వెనక తలుపు దగ్గర నిలబడ్డ హమాలీ మేస్త్రి, ఆయన్ని ఈసారి నేనే పిలిచాను, పోయినసారి పిలవాలన్న ఆలోచనే రాలేదు, ఆయన గొంతు సవరించుకుని, "అంటించడం ఏందయ్యా, కట్టండి" అన్నాడు. ఏం కట్టాలి? "సంచి మూతి కుట్టేటప్పుడు పురికొసతో ఎటూ కుడతారు గదా, ఆ పురికొసకే ప్లాస్టిక్ బిళ్ళ కట్టేస్తే పోద్ది." అంతే! ఏడాదిపాటు నేను జిగురు గురించి ఆలోచించాను. ఈయనకి జవాబు పోయిన ఏడాదే తెలుసట. ఎందుకు చెప్పలేదయ్యా అంటే, "అడిగితే కదా" అన్నాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాను. నేను తప్పు ఒప్పుకున్నందుకు వాళ్ళు జాలిపడి సపోర్టు చెయ్యలేదు. ఎక్కడ లోటుందో చూపించాను కాబట్టి ఆ లోటులో వాళ్ళు చెయ్యి పెట్టడానికి చోటు దొరికింది. అంతా నున్నగా చేసి తెస్తే పట్టుకోవడానికి ఎక్కడ దొరుకుతుంది? బిళ్ళ మేస్త్రిది, కాబట్టి దాన్ని ఊడనివ్వడు. ఆపే అధికారం పెద్ద గుమస్తాకి ఇచ్చాం, కాబట్టి ఆయన రోజూ లెక్క చూస్తాడు, ఆపడానికే చూశాడనుకోండి, కానీ చూశాడు.

ఫలితం అద్భుతంగా వచ్చిందని చెప్పను. మొదటి సీజన్లో ఒక ఛాంబర్, తర్వాత రెండు. నేను రిటైరయ్యేనాటికి కూడా ఆ రెండే. మిగతా చోట్ల పుస్తకమే నడుస్తోంది, బాగానే నడుస్తోంది. నా ప్రపోజల్ విలువ అంతేనేమో, రెండు ఛాంబర్లంత. తాలుకి తాలు రేటు వచ్చింది.

ఇంకో పద్ధతి చెప్పి ప్రశ్నలకి వస్తాను. గ్యారీ క్లైన్ అనే ఆయన చెప్పింది, ప్రీమార్టమ్ అంటాడు. పని మొదలుపెట్టక ముందే అందరినీ కూర్చోబెట్టి, ఇది ఘోరంగా ఫెయిలైపోయింది అనుకోండి, ఎందుకు ఫెయిలైందో రెండు నిమిషాలు కాగితం మీద రాయండి అంటాడు. మనవాళ్ళకి ఇది నచ్చదు. మొదలుపెట్టకుండానే ఆ మాటలేంటండీ, శుభం పలకరా మంకెన్నా అంటే అని సామెత ఎత్తుకుంటారు, మిగతా సగం మీకు తెలుసు, సభలో చెప్పేది కాదు. అందుకని నేను మాట మార్చాను. "వచ్చే సంక్రాంతికి ఇది మూలన పడి ఉంది, మీ బావగారు ఎందుకని అడిగారు, ఏం చెప్తారు?" అంటాను. బావగారికి చెప్పాల్సిన కారణాలైతే మనవాళ్ళు పేజీలకి పేజీలు రాస్తారు.

సరే, అడగండి. అమ్మా, మీరు.

ఆవిడ ఏమడుగుతున్నారంటే, మనమే లోటు చూపిస్తే పడనివాళ్ళు అదే పట్టుకుని ప్రపోజల్ని పడగొట్టరా అని. మంచి ప్రశ్న. పడగొడతారు, మీరు లోటు చూపించి ఊరుకుంటే. డేనియల్ ఓకీఫ్ అని ఒకాయన 1999లో ఇలాంటి పరిశోధనలు చాలా కలిపి చూశాడు. అవతలి వాదన ఎత్తి చూపి దానికి జవాబు కూడా చెప్పినవాళ్ళు, అసలు ఎత్తనివాళ్ళకంటే ఎక్కువ ఒప్పించగలిగారు. ఎత్తి చూపి జవాబు చెప్పకుండా వదిలేసినవాళ్ళు అసలు ఎత్తనివాళ్ళకంటే తక్కువ. కాబట్టి తాలు ఏరి రోడ్డు మీద పోసి నిలబడకండి. దీన్నేం చేద్దామనుకుంటున్నారో కూడా చెప్పండి. నా దగ్గర అన్నిటికీ జవాబు లేదు కదా అంటారు, నిజమే, అందుకే నేను ఒక్క ఛాంబర్ అడిగాను, ఆపే అధికారం ఇచ్చాను. జవాబు లేనిచోట అదే నా జవాబు. పడనివాళ్ళ సంగతంటారా, ఆ లోటు వాళ్ళకి ఎటూ తెలుస్తుందమ్మా. మీ నోటితో వింటే లోటు, వాళ్ళ నోటితో వింటే మోసం.

ఆ బాబు. పైనుంచి వచ్చిన ప్రపోజల్ అయితే? మనకే నమ్మకం లేనిదాన్ని టీమ్‌కి చెప్పి ఒప్పించమంటారు, అదే కదా? ఆఫీసుల్లో సగం జీవితం అదే. నేనైతే నాది కాని నమ్మకాన్ని నటించలేదు. ఇది పైనుంచి వచ్చింది, నాకు ఇందులో ఈ ముక్క బాగుంది, ఈ ముక్క బాగాలేదు, చెయ్యక తప్పదు కాబట్టి మనకి తక్కువ దెబ్బ తగిలేలా ఎలా చేద్దాం అని అడిగాను. వాళ్ళు ఏమన్నారో రాసి పైకి పంపాను. ఒకటి రెండుసార్లు పైవాళ్ళు మార్చారు, చాలాసార్లు మార్చలేదు. ఇంకోటి, అది జనానికి నష్టం చేసేది అయితే, జీతం కోసేదో, ఎవరి ప్రాణం మీదికో తెచ్చేదో అయితే, దానికి ఒప్పించే పని నెత్తినేసుకోకు. అది వీకు ప్రపోజల్ కాదు, చెడ్డ ప్రపోజల్. రెండూ వేరు.

చివరి ప్రశ్న ఎవరో అన్నారు, వెనక. మిగిలిపోయిన స్టిక్కర్లు ఏం చేశారనా? మంచివాడివయ్యా. రెండు పెట్టెలు మిగిలాయి, ఇంకా ఏమీ ప్రింటు వెయ్యని స్టిక్కర్ల చుట్టలు. ఆఫీసులో కనపడితే నా పరువు పోతుందని ఇంటికి తెచ్చేశాను. మా ఆవిడ ఆవకాయ జాడీలకి అంటించి ఏ సంవత్సరం పెట్టిందో రాస్తుంది. అక్కడ మాత్రం గోళ్ళతో గీకినా ఊడటంలేదండీ.